పలచని గాలిలో ఎయిర్ కూల్డ్ ఇంజన్: లోపలి గాలికి హద్దు, బయటి వేడికి హద్దు

ఎయిర్ కూల్డ్ ఇంజన్‌లో గాలి చేయాల్సిన పనులు రెండు. సిలిండర్ లోపలికి వెళ్లి పెట్రోలు మండడానికి తోడ్పడటం మొదటిది. సిలిండర్ బయట, దాని చుట్టూ ఉండే లోహపు రెక్కల సందుల్లోంచి పారి, ఆ మంటలో పుట్టిన వేడిని మోసుకుపోవడం రెండోది. నీళ్లతో చల్లబడే ఇంజన్‌లో రెండో పనికి రేడియేటరు, నీటి పంపు సాయం ఉంటాయి. ఎయిర్ కూల్డ్ ఇంజన్‌కు ఆ సాయం లేదు. అందుకే పాత ఇంజన్‌లో మార్పులు చేసి శక్తి పెంచాలనుకునేవారు రెండు లెక్కలు కలిపి వేసుకోవాలి. లోపలికి ఎంత గాలి పడుతుంది అన్నది ఒక లెక్క. ఆ గాలి పుట్టించే వేడిని బయటి గాలి తీసుకుపోగలదా అన్నది రెండో లెక్క.

ఈ రెండు లెక్కలూ మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలో మైదానంలో ఉన్నట్టు ఉండవు. ఈ మూడు ఊళ్లూ మైసూరు పీఠభూమిని ఆనుకుని, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. సముద్రతీరంలో బారోమీటరులో పాదరసం 760 మిల్లీమీటర్లు నిలిస్తే, మదనపల్లె ఎత్తులో సుమారు 700 మిల్లీమీటర్లే నిలుస్తుంది. అంటే గాలి పీడనం ఎనిమిది శాతం తక్కువ. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లు దాటిన ఎత్తు. ఆ కొండ మీద తగ్గుదల పద్నాలుగు శాతం దాకా ఉంటుంది.

దీనికి ఎండ తోడవుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి ఇంకా పలచబడుతుంది. ప్రతి మూడు డిగ్రీలకూ సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. తీరప్రాంతంలో 15 డిగ్రీల చల్లదనంలో ఒక ఘనపు మీటరు గాలి బరువు 1,225 గ్రాములు. మదనపల్లెలో 35 డిగ్రీల ఎండలో అదే ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1,050 గ్రాములే. ఏడో వంతు బరువు పోయినట్టే. ఇంజన్ పీల్చేది ఘనపరిమాణాన్ని. శక్తినిచ్చేది మాత్రం బరువు, ఆ బరువులో ఉన్న ఆక్సిజన్.

ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో లెక్కగట్టడం కష్టం కాదు. పాత ఎయిర్ కూల్డ్ కార్లలో లోకమంతా ఎరిగినది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 1930లలో ఫెర్డినాండ్ పోర్షే బృందం జర్మనీలో దాన్ని రూపొందించింది. 2003 జులైలో మెక్సికోలోని పుయెబ్లా కర్మాగారంలో చివరి కారు తయారయ్యే నాటికి మొత్తం కార్ల లెక్క రెండు కోట్ల పదిహేను లక్షలు దాటింది. భారతదేశంలో ఆ కారు అరుదు. అయినా ఎయిర్ కూల్డ్ ఇంజన్‌ను మార్చడంలో ఎదురయ్యే చిక్కులన్నీ దాని మీదే బాగా తేటపడ్డాయి. అందులో 1600 రకం ఇంజన్‌కు బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 85.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 69 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లూ కలిపి 1,584 సీసీ.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారే గాలి పీలుస్తుంది. నిమిషానికి 4,000 చుట్ల దగ్గర సిలిండర్లు నూటికి ఎనభై వంతులు నిండుతాయనుకుంటే, ఈ ఇంజన్ సెకనుకు 42 లీటర్ల గాలి పీలుస్తుంది. తీరంలో, చల్లని వాతావరణంలో ఆ 42 లీటర్ల బరువు సుమారు 52 గ్రాములు. మదనపల్లె ఎండలో అదే 42 లీటర్ల బరువు సుమారు 44 గ్రాములు. ఏ నట్టూ విప్పకుండానే, ఏ భాగమూ అరగకుండానే ఇంజన్ శక్తి ఆ మేరకు తగ్గుతుంది.

చిత్తూరు సీమ రోడ్ల మీద నిత్యం కనిపించే పాత ఎయిర్ కూల్డ్ ఇంజన్ బుల్లెట్ మోటారు సైకిలుది. 1955 నుంచి మద్రాసులో తయారైన ఆ బండికి, పాత పోత ఇనుప ఇంజన్‌లో, బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. దాని గరిష్ఠ శక్తి 5,625 చుట్ల దగ్గర 18 హార్స్‌పవర్. కారు ఇంజన్‌కు వర్తించే సూత్రాలే దీనికీ వర్తిస్తాయి. అందుకే బీటిల్ లెక్కల పక్కన బుల్లెట్ లెక్క కూడా పెట్టి చూడటం మేలు.

బయటి గాలి సిలిండర్‌లోకి చేరేలోపు వరసగా కొన్ని ఇరుకులు దాటాలి. ఎయిర్ ఫిల్టరు, కార్బురేటర్, మానిఫోల్డు గొట్టం, సిలిండర్ హెడ్‌లోని దారి, చివరికి ఇన్‌టేక్ వాల్వు. వీటిలో అన్నిటికంటే ఇరుకైనదే ఇంజన్ పీల్చే గాలికి హద్దు పెడుతుంది. దాన్ని వదిలేసి మిగతావన్నీ వెడల్పు చేసినా ఫలితం కనిపించదు.

మొదటి ఇరుకు ఫిల్టరు. కొత్త ఫిల్టరు గాలిని పెద్దగా అడ్డుకోదు. దుమ్ము పట్టినదే అడ్డుకుంటుంది. కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలున్నాయి. పుంగనూరు, మదనపల్లె పల్లెదారుల్లో ఎర్రమట్టి లేస్తుంది. ఇక్కడ ఫిల్టరును తయారీదారు చెప్పిన గడువుకు ముందే చూసుకోవాలి. శక్తి కోసం ఫిల్టరే తీసేసి, కార్బురేటర్ నోరు తెరిచి నడిపే అలవాటు కొందరిలో ఉంది. రాతిపొడి కణాలు పిస్టన్ రింగులను, సిలిండర్ గోడను త్వరగా అరగదీస్తాయి. అలా దొరికిన కొద్దిపాటి గాలికి చెల్లించే ధర కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత రీబోరింగు రూపంలో వస్తుంది.

రెండో ఇరుకు కార్బురేటర్ గొంతు. దాన్ని కావాలనే ఇరుకుగా చేస్తారు. గాలి అక్కడ వేగం పుంజుకోవాలి, వేగంతో పీడనం తగ్గాలి, ఆ తగ్గుదలకే జెట్ నుంచి పెట్రోలు పైకి లేవాలి. 1600 బీటిల్‌కు అమర్చిన సోలెక్స్ 34 కార్బురేటర్‌లో ఆ గొంతు వ్యాసం 26 మిల్లీమీటర్లు. ఒక్క కార్బురేటరే నాలుగు సిలిండర్లకూ గాలి ఇస్తుంది. సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి పీలుస్తాయి కాబట్టి ప్రవాహం దాదాపు ఎడతెగకుండా సాగుతుంది. 4,000 చుట్ల దగ్గర ఆ గొంతులో గాలి వేగం సెకనుకు 80 మీటర్లు. ఇంజన్‌ను 6,000 చుట్లకు తిప్పి, సిలిండర్లు అంతే నిండాలంటే 120 మీటర్లు కావాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే పీడన నష్టం రెండుంబావు రెట్లవుతుంది, ఎందుకంటే నష్టం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందువల్ల చుట్లు పెరిగినా సిలిండర్లలోకి గాలి ఆ లెక్కన పెరగదు.

బుల్లెట్‌లో పరిస్థితి వేరు. ఒకే సిలిండరు, కార్బురేటర్ వ్యాసం 24 మిల్లీమీటర్లు. నాలుగు స్ట్రోకుల్లో ఒక్క దానిలోనే గాలి కదులుతుంది. మిగతా మూడు స్ట్రోకుల కాలం గొంతు ఖాళీగా ఉంటుంది. గరిష్ఠ శక్తి దగ్గర సగటు ప్రవాహం సెకనుకు 13 లీటర్లే అయినా, పీల్చే ఆ కాస్త సమయంలో గాలి వేగం సెకనుకు 115 మీటర్లు చేరుతుంది. అందుకే ఒంటి సిలిండర్ ఇంజన్‌కు, దాని సీసీతో పోలిస్తే, పెద్ద కార్బురేటర్ అవసరం.

అయినా పెద్దది పెట్టగానే అంతా లాభమే అనుకోకూడదు. 24 మిల్లీమీటర్ల చోట 28 మిల్లీమీటర్లది పెడితే వైశాల్యం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. తక్కువ చుట్లలో గాలి వేగం అంతే నిష్పత్తిలో పడిపోతుంది. పెట్రోలును లాగే పీడన తేడా దాదాపు సగమవుతుంది. పెట్రోలు సరిగా పొగమంచులా విడిపోదు. టమాటా బళ్ల మధ్య నెమ్మదిగా సాగే మదనపల్లె మార్కెట్టు దారుల్లో అలాంటి బండి పికప్ తగ్గి తడబడుతుంది. పూర్తి వేగంలో దొరికే లాభాన్ని రోజువారీ వేగంలో పోగొట్టుకోవలసి వస్తుంది.

మూడో ఇరుకు మానిఫోల్డు, హెడ్‌లోని దారి. తొలినాటి బీటిల్ ఇంజన్లలో ఒక్కో పక్క రెండు సిలిండర్లకు హెడ్‌లో గాలి లోపలికి వచ్చే దారి ఒకటే. 1971 మోడల్ 1600 ఇంజన్ నుంచి ఒక్కో సిలిండర్‌కు వేరు వేరు దారులు వచ్చాయి. పాత ఒంటి దారి హెడ్ మీద రెండు పెద్ద కార్బురేటర్లు పెట్టినా ఫలితం స్వల్పం, ఎందుకంటే ఇరుకు కార్బురేటర్‌లో లేదు, హెడ్‌లో ఉంది.

నాలుగోది వాల్వు. మిగతావన్నీ వెడల్పు చేసినా చివరికి మిగిలే హద్దు ఇదే. 1600 ఇంజన్‌లో ఇన్‌టేక్ వాల్వు వ్యాసం 35.5 మిల్లీమీటర్లు. పిస్టన్ వైశాల్యం వాల్వు వైశాల్యానికి 5.8 రెట్లు. 4,000 చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 9.2 మీటర్లు. కాబట్టి వాల్వు దగ్గర గాలి దానికి 5.8 రెట్ల వేగంతో, అంటే 53 మీటర్లతో పోవాలి. వాల్వు తన వ్యాసంలో నాలుగో వంతు, ఇక్కడ సుమారు 9 మిల్లీమీటర్లు, లేస్తేనే దాని చుట్టూ ఏర్పడే సందు వాల్వు వైశాల్యంతో సమానమవుతుంది. అంత ఎత్తున అది ఉండేది కొద్ది క్షణాలే. మిగతా కాలమంతా సగం మూసుకునే ఉంటుంది. సగటున గాలికి దొరికే దారి వాల్వు వైశాల్యంలో మూడో వంతు అనుకుంటే, అసలు వేగం సెకనుకు 160 మీటర్లవుతుంది.

ఇక్కడే ధ్వని వేగం అడ్డొస్తుంది. ఇన్‌టేక్ గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్ల వేగంతో పోతుంది. ఇరుకు దారిలో గాలి ఆ వేగాన్ని అందుకుంటే, లోపలి నుంచి ఎంత లాగినా ఇంక ఎక్కువ గాలి రాదు. ఇంజన్లు అక్కడి దాకా పోనే అక్కర్లేదు. అమెరికాలోని ఎంఐటీలో ఇంజన్ల మీద పరిశోధించిన ఛార్లెస్ ఫయెట్ టేలర్ చూపినదాని ప్రకారం, వాల్వు దగ్గర ఈ సగటు వేగం ధ్వని వేగంలో పదింట ఆరు వంతులు దాటితే సిలిండర్ నిండటం గబగబా తగ్గిపోతుంది. 1600 బీటిల్ వాల్వుకు ఆ మలుపు 5,000, 5,500 చుట్ల మధ్య ఎక్కడో వస్తుంది. కానీ కంపెనీ ఇంజన్ గరిష్ఠ శక్తి 4,000 చుట్ల దగ్గరే ఆగిపోతుంది. దీన్నిబట్టి ముందుగా అడ్డుపడేవి కార్బురేటర్, మానిఫోల్డు, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనీ, వాల్వు ఆ తర్వాతే అనీ తెలుస్తుంది.

ఆ ఇరుకు పొరపాటున వచ్చింది కాదు. గంటల తరబడి పూర్తి వేగంతో రోడ్డు మీద పోయినా ఇంజన్ పాడవకూడదన్నది బీటిల్ రూపకర్తల ఉద్దేశం. గాలి దారిని ఇరుకుగా ఉంచితే ఇంజన్ తనంతట తాను ఎక్కువ చుట్లు తిరగలేదు, తట్టుకోలేనంత వేడి పుట్టించలేదు. ఆ ఇరుకును విప్పేవారు దాని వెనక ఉన్న ఈ కాపలాను కూడా తీసేస్తున్నారు.

సీసీ పెంచడం గురించి అపోహలు ఎక్కువ. 85.5 మిల్లీమీటర్ల బోరును 90.5కు పెంచితే 1600 ఇంజన్ సుమారు 1,775 సీసీ అవుతుంది. హెడ్‌లు పాతవే ఉంచితే పిస్టన్ వైశాల్యం వాల్వు వైశాల్యానికి 6.5 రెట్లవుతుంది. అప్పుడు గాలి హద్దు పది శాతం పైగా తక్కువ చుట్లలోనే వచ్చేస్తుంది. కింది చుట్లలో లాగుడు బలపడుతుంది, కొండ ఎక్కడం సులువవుతుంది. గరిష్ఠ శక్తి మాత్రం పెద్దగా పెరగదు. ఘాట్ రోడ్లలో తిరిగే బండికి ఇది మంచి ఫలితమే. వేగం కోసం చేసినవారికే నిరాశ.

వాల్వును 40 మిల్లీమీటర్లకు పెంచితే దారి నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. కానీ హెడ్‌లో స్థలం పెరగదు. ఇన్‌టేక్ వాల్వుకూ ఎగ్జాస్ట్ వాల్వుకూ, వాల్వుకూ స్పార్క్ ప్లగ్గుకూ మధ్య మిగిలే లోహం సన్నబడుతుంది. బీటిల్ హెడ్‌లు పగిలేది ఎక్కువగా ఆ సన్నని చోటే. అలాగే కేసింగును కోయకుండా దూర్చే 88 మిల్లీమీటర్ల సిలిండర్ల గోడలు పలచన. వేడికి అవి గుండ్రదనం కోల్పోతాయి. లోపలి గాలికి దారి పెంచడానికి తీసేసిన ప్రతి లోహపు ముక్కా వేడిని పంచుకోవలసిన ముక్కే.

ఇక బయటి గాలి సంగతి. బీటిల్‌లో జనరేటరు ఇరుసుకు బిగించిన ఫ్యాను రెక్కల మీదికి గాలి తోస్తుంది. బుల్లెట్‌కు ఫ్యాను లేదు, బండి పరుగే దానికి ఫ్యాను. రెండింటిలోనూ బయటి గాలి ఘనపరిమాణం ఎత్తుతో మారదు, బరువు మాత్రం తగ్గుతుంది. మదనపల్లె ఎత్తులో ఆ బరువు ఎనిమిది శాతం తగ్గితే, రెక్కల నుంచి వేడి తీసుకుపోయే శక్తి అయిదారు శాతం తగ్గుతుంది.

మార్చని ఇంజన్‌కు దీనివల్ల ప్రమాదం లేదు. బయటి గాలి పలచబడినట్టే లోపలి గాలీ పలచబడింది, పుట్టే వేడి కూడా ఎనిమిది శాతం తగ్గింది. త్రాసులో రెండు తట్టల నుంచీ దాదాపు సమానంగా బరువు తీసినట్టు, సమతూకం నిలుస్తుంది. పోయిన శక్తిని రాబట్టుకోవడానికి పెద్ద కార్బురేటర్, పెద్ద వాల్వు, పెద్ద బోరు పెట్టినప్పుడు ఒక తట్టలోనే బరువు తిరిగి పడుతుంది. పుట్టే వేడి తీరప్రాంతపు స్థాయికో, అంతకు మించో చేరుతుంది. చల్లబరిచే గాలి మాత్రం పీఠభూమి గాలే. పీఠభూమి మీద ఎయిర్ కూల్డ్ ఇంజన్‌ను మార్చేవారు మరవకూడని విషయం ఇదే. టర్బో, సూపర్‌ఛార్జర్ అమర్చినా ఇదే న్యాయం, ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

ఈ తేడా ఘాట్ రోడ్డు మీద బయటపడుతుంది. చిత్తూరు నుంచి పలమనేరు వచ్చే దారిలో మొగిలి ఘాట్, తిరుపతి నుంచి పీలేరు మీదుగా మదనపల్లె వచ్చే దారిలో భాకరాపేట ఘాట్, హార్స్‌లీ హిల్స్ ఎక్కే దారి, మూడింటిలోనూ ఇంజన్ చాలాసేపు నిండు లోడు మీద నడుస్తుంది. బండి వేగం మాత్రం తక్కువ. పై గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 2,000 చుట్ల దగ్గర ఈడుస్తూ పోతే, వేడి బాగా పుడుతుంది, ఫ్యాను గాలి 4,000 చుట్ల దగ్గర వచ్చేదానిలో సగమే ఉంటుంది. అందుకే ఘాట్‌లో ముందుగానే గేరు తగ్గించి ఇంజన్‌ను కాస్త వేగంగా తిప్పాలి. బుల్లెట్‌కు ఆ ఉపాయం కొంతవరకే పనిచేస్తుంది, ఎందుకంటే గాలి రావాలంటే బండే కదలాలి. మార్చిన బుల్లెట్‌ను ఘాట్ మధ్యలో కాసేపు ఆపి చల్లార్చడం మంచిది. అల్యూమినియం హెడ్ ఉష్ణోగ్రత 200 డిగ్రీలు బాగా దాటాక దాని బలం త్వరగా తగ్గిపోతుంది.

గాలితోపాటు పెట్రోలు పాలు కూడా మారుతుంది. ఎత్తు మీద కార్బురేటర్ గాలి బరువు తగ్గినంతగా పెట్రోలును తగ్గించదు. సాంద్రత ఎనిమిది శాతం తగ్గితే మిశ్రమంలో పెట్రోలు పాలు సుమారు నాలుగు శాతం పెరుగుతుంది. ప్లగ్గు నల్లబడుతుంది, పెట్రోలు వృథా అవుతుంది. దాన్ని సరిచేయడానికి మదనపల్లెలో చిన్న జెట్ వేయించుకోవడం సబబే. కానీ అదే బండితో చెన్నై దిగితే మిశ్రమం నాలుగు శాతం లీన్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు తగ్గుతుంది. నిండు లోడు మీద లీన్ మిశ్రమం హెడ్‌ను వేడెక్కిస్తుంది, నాకింగ్ తెస్తుంది. దిగే ప్రయాణాలు ఎక్కువ ఉన్నవారు తీరప్రాంతపు జెట్‌నే ఉంచుకోవడం క్షేమం.

దీనికి ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు తోడైంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి పాత జెట్‌తో మిశ్రమం ఏడెనిమిది శాతం లీన్ అవుతుంది. పీఠభూమి మీద ఎత్తు వల్ల పెరిగే పెట్రోలు పాలు, ఇథనాల్ వల్ల వచ్చే లీన్ కొంత సర్దుకుంటాయి. మైదానంలో ఆ సర్దుబాటు ఉండదు. పైగా పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు తగినవి కావు. ఇంజన్ విప్పినప్పుడే వాటిని మార్చాలి.

మార్పులు చేసేముందు ఇరుకు ఎక్కడుందో కొలిచి చూడాలి. మానిఫోల్డుకు ఒక వ్యాక్యూమ్ గేజీ తగిలించి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ఇంజన్ గరిష్ఠ చుట్ల దగ్గర ఉన్నప్పుడు చూడాలి. పాదరసం నలభై మిల్లీమీటర్ల లోపే తేడా చూపితే కార్బురేటర్ అడ్డుపడటం లేదు, లోపం హెడ్‌లోనో క్యామ్‌షాఫ్ట్‌లోనో ఉంది. అంతకంటే బాగా ఎక్కువ చూపితే ఫిల్టరు తీసి మళ్లీ కొలవాలి. ఫిల్టరు తీయగానే తేడా తగ్గితే దోషం ఫిల్టరుది, తగ్గకపోతే కార్బురేటర్‌ది. ప్లగ్గు కింద వాషరులా అమర్చే ఉష్ణోగ్రత మీటరు రెండో హద్దును చూపుతుంది. ఈ రెండు మీటర్లూ లేకుండా చేసే మార్పు ఊహ మీద చేసినదే.

పని వరస కూడా ముఖ్యం. ముందు పాత ఇంజన్‌ను సరైన స్థితికి తేవాలి: టాపెట్లు, ఇగ్నిషన్ టైమింగు, కంప్రెషన్, గాలి లీకులు. తర్వాత చల్లదనం: రెక్కల మధ్య పేరుకున్న మట్టి, నూనె జిడ్డు తీయడం, బీటిల్‌లో ఫ్యాను బెల్టు, సిలిండర్ల చుట్టూ గాలిని నడిపే రేకులన్నీ స్థానంలో ఉన్నాయో లేదో చూడటం, అవసరమైతే అదనపు ఆయిల్ కూలర్ అమర్చడం. ఆ తర్వాతే గాలి దారి. అందులోనూ ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఒకే ఘాట్ మీద, ఒకే వేళలో పరీక్షించాలి. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల్లో పరీక్షించిన ఇంజన్‌నూ, మే మధ్యాహ్నం 38 డిగ్రీల్లో పరీక్షించిన ఇంజన్‌నూ పోల్చితే, గాలి సాంద్రతలోనే ఏడు శాతం తేడా ఉంటుంది. ఆ తేడాను మార్పు ఫలితమని పొరబడవచ్చు.

సైలెన్సర్ మార్చినంత మాత్రాన గాలి పెరగదు. లోపలి దారి ఇరుకుగా ఉండగా బయటి దారి తెరిస్తే శబ్దమే పెరుగుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సైలెన్సర్‌ను, శబ్దపు హద్దును తప్పనిసరి చేశాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. ఇంజన్ సీసీ ఆ వివరాల్లో ఒకటి. కాబట్టి బోరు పెంచాలనుకునేవారు రవాణా శాఖ కార్యాలయంలో ముందుగా విచారించాలి.

మొత్తం మీద ఎయిర్ కూల్డ్ ఇంజన్ శక్తిని అతి ఇరుకైన చోటు నిర్ణయిస్తుంది, దాని ఆయుష్షును అతి వేడి చోటు నిర్ణయిస్తుంది. 700 మీటర్ల ఎత్తు మొదటిదాని నుంచి ఎనిమిది శాతం తీసుకుంటుంది, అందుకు బదులుగా రెండోదాన్ని కాపాడుతుంది. ఆ ఎనిమిది శాతాన్ని తిరిగి రాబట్టాలనుకునేవారు చల్లబరిచే ఏర్పాటును ముందుగా అంతకు తగ్గట్టు పెంచుకుంటే, మదనపల్లెలోనైనా, పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా పాత ఇంజన్ ఎక్కువ శక్తితో చాలా ఏళ్లు నడుస్తుంది.